చక్రం చుట్టూ పట్టీలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు కారు చక్రాల పైన అర్ధచంద్రంలా ఉండే అంచు గురించే. షెడ్డుల్లో దాన్ని వీల్ ఆర్చ్ అంటారు. దాని చుట్టూ కనిపించేవి ముఖ్యంగా నాలుగు: కారుతో పాటే వచ్చే నల్ల ప్లాస్టిక్ క్లాడింగ్, బయట కొని బిగించే క్రోమ్ లేదా స్టీలు పట్టీ, వెడల్పు టైర్లను కప్పే ఫెండర్ ఫ్లేర్, రేకు అంచుకు తొడిగే రబ్బరు బీడింగ్. వీటి వెనక, టైరుకు గొడుగు పట్టినట్టు ఉండే నల్ల ప్లాస్టిక్ భాగం ఫెండర్ లైనర్. జవాబుల్లో ఈ పేర్లే వాడుతున్నాం.

ప్రశ్న: మూడేళ్ల కిందట నాలుగు ఆర్చ్‌లకూ క్రోమ్ పట్టీలు వేయించాను. ఇప్పుడు వెనక చక్రాల దగ్గర పట్టీ అంచు వెంబడే రంగు పొక్కులు లేస్తోంది. పొక్కుల మీద టచప్ వేస్తే సరిపోతుందా, పట్టీలు తీసేయాలా?

తీసేయండి. టచప్ మాట తర్వాత.

పట్టీ రేకును హత్తుకుని ఉన్నట్టు పైకి కనిపిస్తుంది కానీ రెంటికీ మధ్య గోరు మందం సందు ఉంటుంది. టైరు విసిరే బురద అందులోకి చేరి తడిగుడ్డలా అంటుకుపోతుంది. కారు పైభాగం గంటలో ఆరితే ఆ బురద రోజుల తరబడి ఆరదు. దానికి తోడు కారు నడుస్తున్నంతసేపూ పట్టీ సన్నగా అదురుతూ, మధ్యలో చిక్కిన ఇసుకతో కలిసి రంగును గీకుతుంది. రంగు పోయిన చోట తడి ఇనుమును పడుతుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ పట్టీలకు సరిగ్గా సరిపోతుంది.

వెనక ఆర్చ్‌లే ముందు పాడవడానికి కారణం ఉంది. ముందు ఫెండర్ (ముందు చక్రాన్ని కప్పే పక్క రేకు) చాలా కార్లలో బోల్టులతో బిగించిన ఒంటి రేకు. వెనక ఆర్చ్ దగ్గర బయటి రేకు, లోపలి రేకు అంచున కలిసి స్పాట్ వెల్డింగ్‌తో అతుక్కుని ఉంటాయి. ఆ రెండు రేకుల నడుమ కీలులోకి నీరు దిగితే తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. మీకు పైన పొక్కు కనబడేసరికి లోపల దానికి రెండు మూడింతల మేర పాడై ఉండొచ్చు.

పట్టీ విప్పేముందు స్క్రూలకు తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగండి. తలలు అరిగిపోకుండా వస్తాయి. పట్టీ తీశాక అంచు లోపలి వైపు కూడా వేలు పెట్టి మట్టి మొత్తం తోడేసి, కడిగి, ఒక పూట ఎండలో ఆరనివ్వండి. తర్వాత చిన్న స్క్రూడ్రైవర్ మొనతో పొక్కుల మీద గట్టిగా నొక్కి చూడండి. మొన దిగబడితే రేకు చిల్లు పడినట్టే. అక్కడ పుట్టీ నింపి రంగు వేస్తే కొద్ది నెలల్లో మళ్లీ ఉబ్బుతుంది. పాడైన ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడం ఒక్కటే దారి. వెనక ఆర్చ్ పక్కనుంచే ఇంధనం పోసే గొట్టం వెళ్తుంది కాబట్టి ఆ వెల్డింగ్ తెలిసినవాళ్లే చేయాలి.

మొన దిగకపోతే పని మీ చేతిలోనే ఉంది. పొక్కు చుట్టూ మరో రెండు మూడు సెంటీమీటర్ల దాకా 80 నంబరు ఉప్పుకాగితంతో ఇనుము తళుక్కుమనేలా రుద్దండి. 180, ఆపైన 320తో రంగు అంచును పలుచగా దించండి. వేలితో తడిమితే మెట్టు తగలకూడదు. గుంటల్లో నల్ల చుక్కలు మిగిలితే ఆమ్లంతో పనిచేసే రస్ట్ కన్వర్టర్ పూసి, డబ్బా మీద చెప్పినట్టు శుభ్రంగా కడిగి ఆరబెట్టండి. ఆమ్లం మిగిలిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) సరిగా పట్టదు. ఎపాక్సీ రెండు పూతలు, ఆపైన రంగు, ఆపైన క్లియర్ కోటు (రంగు లేని పై పూత). అంచు కింద రెండు రేకులు కలిసే గీతకు సీమ్ సీలర్ (అతుకు మూసే పేస్టు) పూసి, లోపలి ఖాళీలోకి పొడుగు గొట్టం ఉన్న డబ్బాతో కేవిటీ వ్యాక్స్ (తుప్పును అడ్డుకునే మైనం) కొట్టండి. వెనక దీపం విప్పితే చాలా కార్లలో ఆ ఖాళీలోకి దారి దొరుకుతుంది.

పట్టీ మళ్లీ వేయొద్దన్నదే మా సలహా. ముందు ఆర్చ్‌లవి ఇంకా బాగానే ఉన్నాయని వదిలేయకండి, వాటినీ విప్పి చూడండి.

ప్రశ్న: డబుల్ సైడ్ టేపుతో అంటించే ఆర్చ్ పట్టీలు కొన్నాను. రెండుసార్లు అంటించాను, రెండుసార్లూ వారంలోనే ముందు కొస నుంచి లేచిపోయాయి. టేపు మంచి రకమే. తప్పెక్కడ?

టేపు మంచిదైనా అంటించే తీరులో నాలుగు చోట్ల పొరపాటు జరుగుతుంది. మీ విషయంలో ఒకటి కంటే ఎక్కువే జరిగి ఉంటాయి.

మొదటిది, రంగు మీది కనపడని పొర. వ్యాక్స్, సిలికాన్ కలిసిన పాలిష్, సిరామిక్ కోటింగ్ వీటి పనే దేన్నీ అంటనివ్వకపోవడం. అంటించే వెడల్పు మేర షాంపూతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి శుభ్రమైన బట్టతో ఒకే దిశలో తుడవండి. ప్రతి తుడుపుకూ బట్ట మడత మార్చాలి, లేకపోతే తీసిన జిడ్డునే మళ్లీ పూస్తారు. పొర పోయిందో లేదో తేల్చుకోవడానికి ఒక చుక్క నీళ్లు వేయండి. ముత్యంలా గుండ్రంగా నిలబడితే ఇంకా ఉన్నట్టు, పలుచగా పరుచుకుంటే పోయినట్టు. సిరామిక్ కోటింగ్ ఆల్కహాల్‌కు లొంగదు. అంత మేరా సన్న పాలిషింగ్ కాంపౌండుతో రుద్ది, మళ్లీ ఆల్కహాల్‌తో తుడవాల్సిందే.

రెండోది పట్టీ వెనక భాగం. ఈ పట్టీలు చాలావరకు పాలీప్రొపిలీన్‌వి. జిగురు పట్టని ప్లాస్టిక్కుల్లో అది మొదటి వరసలో ఉంటుంది. టేపు ముందే అంటించి వస్తే ఫర్వాలేదు. మీరే టేపు వేసుకునే రకమైతే పట్టీ వెనక సన్నగా గీకి, ఆల్కహాల్‌తో తుడిచి, అడ్హీషన్ ప్రమోటర్ (జిగురు పట్టేలా చేసే ద్రావణం) పలుచగా ఒక్క పూత పూయండి. తడి మెరుపు పోయాకే టేపు. లేచిపోయిన పట్టీని చూస్తే తప్పెక్కడో తెలిసిపోతుంది: టేపు రేకు మీద ఉండిపోయి పట్టీ ఊడితే ప్లాస్టిక్ వైపు తప్పు, టేపు పట్టీతోనే వచ్చేస్తే రంగు వైపు తప్పు.

మూడోది వేడి. ఈ అక్రిలిక్ ఫోమ్ టేపుకు రేకు 21 నుంచి 38 డిగ్రీల మధ్య ఉంటే మేలు. 10 డిగ్రీల కింద టేపు బిరుసెక్కి రంగులోకి ఒదగదు. అలాగని మిట్టమధ్యాహ్నం ఎండలో చెయ్యి పెట్టలేనంత వేడి రేకు మీద చేస్తే ఆల్కహాల్ తుడవకముందే ఆవిరై జిడ్డు అక్కడే మిగులుతుంది. నీడలో చేయండి. చలిగా ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో గోరువెచ్చగా చేసుకోండి.

నాలుగోదే ఎక్కువమంది చేసే తప్పు: తొందర. అంటించిన 20 నిమిషాలకు టేపు పట్టు సుమారు సగమే. 24 గంటలకు పది వంతుల్లో తొమ్మిది వంతులు, 72 గంటలకు పూర్తిగా వస్తుంది. ఈ మూడు రోజులూ కడగకూడదు, వానలో తీయకూడదు. అంటించేటప్పుడు అరచేత్తో కాదు, బొటనవేలితోగానీ చిన్న రోలరుతోగానీ అంగుళం అంగుళం నొక్కాలి. చదరపు సెంటీమీటరుకు కిలో బరువు పెట్టినంత ఒత్తిడి కావాలి.

ఇక ముందు కొసే ఎందుకు లేస్తుందంటే, గాలి, నీరు, రాళ్లు ముందు తగిలేది దానికే. పైగా పట్టీ వంపు, రేకు వంపు సరిగ్గా కలవనప్పుడు ఆ తేడా అంతా కొసలకే చేరుతుంది. అంటించకముందు పట్టీని ఊరికే ఆనించి చూడండి. కొస రేకుకు మూడు నాలుగు మిల్లీమీటర్లు ఎడంగా ఉంటే దాన్ని టేపు బలంతో లాగి పెట్టకండి. అది రాత్రీ పగలూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌తో పట్టీని వేడిచేసి, వంచి, చల్లారేదాకా పట్టుకుని వంపు కుదిరాకే అంటించండి. అంటించడం ఆర్చ్ నడినెత్తిన మొదలుపెట్టి రెండు వైపులకూ దిగాలి.

కొత్తగా రంగు వేయించిన ఫెండరైతే నెల రోజులు ఆగండి. రంగులోని ద్రావకం బయటికి వస్తూ ఉన్నంతకాలం టేపు నిలవదు. నిలిచినా తీసేటప్పుడు రంగును ఊడబెరుకుతుంది.

ప్రశ్న: నల్ల క్లాడింగ్ బూడిద రంగుకు తిరిగింది. డ్రెస్సింగ్ పూస్తే వారం నల్లగా ఉండి వాన పడగానే చారలు కడుతోంది. హీట్ గన్‌తో వేడి చేస్తే కొత్తదానిలా అవుతుందంటున్నారు. చేయొచ్చా?

ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పైపొర చిట్లి సన్నని పొడిగా మారుతుంది. మీకు కనపడే బూడిద రంగు ఆ పొడిదే. కింద నలుపు అలాగే ఉంది. నూనె రకం డ్రెస్సింగ్ ఆ పొడిని తడిపి నల్లగా చూపిస్తుంది. నూనె కొట్టుకుపోగానే మళ్లీ మొదటికి వస్తుంది.

హీట్ గన్ వేడికి పైపొర మెత్తబడి పొడి అందులో కలిసిపోవడంతో నలుపు తిరిగి వచ్చే మాట నిజమే. కానీ అది కొన్నాళ్ల మాటే, ప్రమాదం మాత్రం శాశ్వతం. పాలీప్రొపిలీన్ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, హీట్ గన్ మూతి దగ్గర గాలి 300 డిగ్రీలు దాటుతుంది. ఒకచోట రెండు మూడు సెకన్లు ఎక్కువ ఆగితే తోలులాంటి గరుకు చారలు కరిగి నున్నటి మెరిసే మచ్చ పడుతుంది. దాన్ని మళ్లీ గరుకు చేయలేం. పక్కనే ఉన్న రంగు కూడా బొబ్బలెక్కొచ్చు. బండిమీద ఉన్న క్లాడింగ్‌కు ఈ పని వద్దు.

ఇలా చేయండి. ఆల్ పర్పస్ క్లీనర్ ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి, మెత్తని బ్రష్‌తో గరుకు గీతల వెంట రుద్దండి. నురుగు నల్లగా గానీ బూడిదగా గానీ రావడం ఆగేదాకా రెండు మూడుసార్లు కడగాలి. పూర్తిగా ఆరాక ఆల్కహాల్ తుడుపు. అప్పుడు ప్లాస్టిక్‌కని అమ్మే సిరామిక్ రకం లేదా గట్టిపడే రకం ట్రిమ్ రీస్టోరర్ పలుచగా పూసి, రెండు నిమిషాల్లో మిగులు తుడిచేయండి. తుడవకపోతే జిగట మచ్చలుగా గట్టిపడుతుంది. రంగు రేకుకు ముందే మాస్కింగ్ టేపు వేసుకోవడం మరవకండి. 24 గంటలు నీళ్లు తగలనివ్వొద్దు. కడగడం సరిగా లేకుండా పూస్తే అది ప్లాస్టిక్‌ను కాక పొడిని పట్టుకుని, ఆ పొడితో పాటే రాలిపోతుంది.

ప్రశ్న: కారు పాలిష్ చేయించాక క్లాడింగ్ అంచుల్లో తెల్ల మరకలు ఉండిపోయాయి. కడిగినా పోవడం లేదు.

పాలిష్‌లోని సన్న పొడి గరుకు గుంటల్లో ఎండిపోయింది. నీళ్లతో రాదు. పాత టూత్‌బ్రష్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి చిన్న సున్నాలు చుడుతూ రుద్ది, మరక కదలగానే బట్టతో అద్ది తీయండి. ఇక్కడ అద్దాలి, పులమకూడదు. మొండి మరకకు పిల్లలు పెన్సిల్ గీతలు చెరిపే మెత్తని తెల్ల రబ్బరు కూడా పనిచేస్తుంది. పెట్రోలు, థిన్నర్ ముట్టుకోకండి. ఈసారి పాలిష్‌కు ఇచ్చేముందు క్లాడింగ్ అంచుకు మాస్కింగ్ టేపు వేయమని చెప్పండి.

ప్రశ్న: ముందు ఎడమ క్లాడింగ్ పగిలింది, కొత్తది తెచ్చుకున్నాను. పాతది తీస్తే క్లిప్పులన్నీ విరుగుతాయని భయం. ఎలా తీయాలి?

కొన్ని క్లిప్పులు విరగడం మామూలే, పది అదనంగా దగ్గర పెట్టుకుని పనికి దిగండి. పాతదొకటి తీసి వెర్నియర్‌తో (సన్న కొలతలు తీసే పరికరంతో) మూడు కొలతలు రాసుకుంటే ఏ క్లిప్పు కావాలో తెలుస్తుంది: రేకులో రంధ్రం వ్యాసం, క్లిప్పు తల వ్యాసం, తల కింద కాడ పొడవు.

ముందు స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి చోటు చేసుకోండి. చక్రం విప్పాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్మకుండా స్టాండు పెట్టండి. ఆర్చ్ లోపలి అంచు కడిగితేనే స్క్రూలు కనిపిస్తాయి. కారును బట్టి టీ20 లేదా టీ25 టార్క్స్ (నక్షత్రం ఆకారం గాడి ఉన్న) తలలు, లేదా 7, 8, 10 మి.మీ. ఆరుపలకల తలలు ఉంటాయి. లైనరును పట్టుకున్న పుష్ రివెట్లలో (మధ్యలో పిన్ను ఉండే ప్లాస్టిక్ బిరడాల్లో) మధ్య పిన్ను ముందు పైకి లేపాలి. పిన్ను లేపకుండా మొత్తంగా లాగితేనే అవి తెగిపోతాయి. కొన్ని రకాల్లో మధ్య పిన్నును లోపలికి నొక్కితే వదులవుతుంది. తలలో గాడి ఉంటే లేపే రకం, నున్నగా ఉంటే నొక్కే రకం అని గుర్తు పెట్టుకోండి.

చలిలో ప్లాస్టిక్ క్లిప్పు చాక్‌పీసులా విరుగుతుంది. చల్లని రోజైతే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి మొదలుపెట్టండి. రంగు రేకు వెంబడి రెండు వరసల మాస్కింగ్ టేపు వేయండి. ఇనుప స్క్రూడ్రైవర్ కాకుండా ప్లాస్టిక్ ట్రిమ్ వెడ్జిని బంపరు వైపు కింది కొస దగ్గర దూర్చి, ఒక్కో క్లిప్పును వెతుక్కుంటూ సాగండి. క్లిప్పు పక్కనే పట్టుకుని రేకుకు సూటిగా, నిటారుగా బయటికి లాగాలి. కొస పట్టుకుని తొక్క ఒలిచినట్టు లాగితే క్లిప్పు కాదు, క్లాడింగ్ వెనకున్న క్లిప్పు గూడే చిరిగిపోతుంది. ఆ గూడు పోతే ఆ భాగం పనికిరాదు.

తీశాక కనిపించే మట్టి కడిగేయండి. రేకు రంధ్రాల చుట్టూ రంగు అరిగి ఉంటే టచప్ పూసి ఆరనివ్వండి. కొత్త క్లిప్పుల మెడలో చిన్న ఫోమ్ లేదా రబ్బరు వాషరు ఉండాలి. రంధ్రంలోంచి నీరు లోపలికి పోకుండా ఆపేది అదే. చవక క్లిప్పుల్లో అది ఉండదు, అలాంటివి కొనకండి. బిగించేటప్పుడు ముందు క్లిప్పులన్నీ రంధ్రాల్లో నిలబెట్టుకుని, ఆర్చ్ నడినెత్తి నుంచి కిందికి ఒక్కొక్కటి టక్కుమనేదాకా అరచేత్తో కొట్టండి. స్క్రూలు చివర.

ప్రశ్న: 6 అంగుళాల రిమ్ము, ఆఫ్‌సెట్ 45 తీసేసి 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35 వేశాను. టైరు బయటికి పొడుచుకొచ్చింది. ఫెండర్ ఫ్లేర్లు వేస్తే చాలా? రంధ్రాలు చేయక తప్పదా?

ముందు లెక్క చూద్దాం. రిమ్ము అంగుళం వెడల్పయితే రెండు పక్కలా 12.7 మి.మీ. చొప్పున పెరుగుతుంది. ఆఫ్‌సెట్ అంటే రిమ్ము వెడల్పు నడిమి గీతకు, అది హబ్బుకు ఆనే ముఖానికి మధ్య ఉండే మిల్లీమీటర్ల దూరం. అది 10 తగ్గితే చక్రం మొత్తం 10 మి.మీ. బయటికి జరుగుతుంది. కాబట్టి రిమ్ము బయటి అంచు 22.7 మి.మీ. బయటికి వచ్చింది, లోపలి అంచు 2.7 మి.మీ. లోపలికి పోయింది. టైరు కూడా వెడల్పు రకమైతే దాని ఉబ్బు అదనం. ఫ్లేరు కొనేటప్పుడు చూడాల్సింది డబ్బా మీద రాసిన మొత్తం వెడల్పు కాదు, రేకు దాటి ఎంత బయటికి వస్తుందన్నది. మీకు 30 మి.మీ. అయినా ఉండాలి.

ఏ మేర కప్పాలన్నదానికి యూరప్ 1978లో పెట్టిన కొలత మంచి ఆధారం: చక్రం కేంద్రం నుంచి నిలువు గీత గీస్తే, దానికి ముందు 30 డిగ్రీలు, వెనక 50 డిగ్రీల మేర టైరు వెడల్పంతా మూసి ఉండాలి. వెనక్కి ఎక్కువ అడగడానికి కారణం, టైరు రాళ్లను, నీటిని వెనక్కి విసరడమే. మీ బండికి వర్తించే నిబంధన ఏమిటో మార్చకముందే తెలుసుకోండి.

ఫ్లేరు టైరును కప్పుతుందే కానీ రాపిడిని ఆపదు. బిగించకముందు ఆర్చ్ అంచుకు, లైనరుకు తడి సుద్ద పూసి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పుతూ, వెనక సీటులో మనుషుల్ని కూర్చోబెట్టి గతుకుల మీద మెల్లగా నడపండి. టైరు మీద తెల్ల గీత పడితే అక్కడ తగులుతున్నట్టు. ఆ గీత పోయేదాకా ఫ్లేరు మాట ఎత్తొద్దు. లోపలి వైపుకు పొడుచుకొచ్చిన స్క్రూ మొన టైరును చీరేస్తుంది.

రంధ్రాల విషయానికొస్తే, ఆర్చ్ లోపలి మడత అంచుకు యూ ఆకారం క్లిప్ నట్లు తొడిగి బిగించే రకం దొరికితే అదే మేలు, పైరేకు చెడదు. తలలు బయటికి కనిపించే పాకెట్ రకం ఫ్లేర్లలో చాలావాటికి మాత్రం రేకులో రంధ్రం తప్పదు. అప్పుడు ఎం5 రివెట్ నట్టుకు (రేకు రంధ్రంలోనే బిగుసుకుపోయే నట్టుకు) 7 మి.మీ. రంధ్రం చేయాలి. డ్రిల్ బిట్టుకు మొన నుంచి 10 మి.మీ. దగ్గర టేపు చుట్టుకోండి, అంతకు మించి లోపలికి పోకూడదు. వెనక ఆర్చ్ చాటున ఇంధనం గొట్టం, దీపాల వైర్లు ఉంటాయి. ఎలక్ట్రిక్ కార్లలో చార్జింగ్ కేబుల్ కూడా ఉండొచ్చు. లోపలి నుంచి చూసుకోకుండా డ్రిల్ పట్టకండి.

రంధ్రం అంచు పచ్చి ఇనుము. అందులోంచి రాలే సన్న రజను కూడా గంటల్లో తుప్పు పట్టి రంగు మీద ఎర్ర చుక్కలు వేస్తుంది. రజనును ఊడ్చేసి, అంచుకు చిన్న కుంచెతో ఎపాక్సీ ప్రైమర్ రెండు పూతలు, ఆపైన టచప్ పూసి, ఆరాకే నట్టు వేయండి. ఫెండర్ అల్యూమినియందైతే స్టీలు స్క్రూ నేరుగా తగలనివ్వకండి. తడిలో రెండు లోహాలు కలిస్తే అల్యూమినియం తెల్లగా పొడి కట్టి తినుకుపోతుంది. నైలాన్ వాషర్లు వేయండి.

ఫ్లేరుకు, రేకుకు మధ్య రబ్బరు అంచు పట్టీ తప్పకుండా ఉండాలి. చాలామంది అక్కడ చుట్టూ సిలికాన్ నింపేస్తారు. రెండు కారణాల వల్ల అది తప్పు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ ఆరుతూ వదిలే ఆమ్లం ఇనుమును తింటుంది. రెండోది, చుట్టూ మూసేస్తే ఎలాగోలా దూరిన నీటికి దారి ఉండదు. పైభాగానికి కావాలంటే వెనిగర్ వాసన లేని సీలెంటు వేయండి. కింది రెండు కొసలూ తెరిచే ఉంచాలి. చక్రం చుట్టూ ఏది బిగించినా వెనక్కి చేరిన నీరు కారిపోవాలి, మిగిలిన తడి ఆరాలి.

ప్రశ్న: స్క్రూలతో గట్టిగా బిగించిన ప్లాస్టిక్ పట్టీలు ఎండాకాలంలో అలల్లా వంకర తిరిగాయి. పట్టీ నాసిరకమా?

నాసిరకం కాకపోవచ్చు, బిగింపు తప్పు. 40 డిగ్రీల వేడి పెరిగితే మీటరు పొడవు రేకు అర మిల్లీమీటరు కూడా సాగదు. మామూలు పాలీప్రొపిలీన్ పట్టీ సుమారు 4 మి.మీ. సాగుతుంది. అన్ని స్క్రూలూ బిగదీసి కదలనివ్వకపోతే ఆ 4 మి.మీ. ఎక్కడికి పోతుంది? స్క్రూకూ స్క్రూకూ మధ్య ఉబ్బుతుంది.

పట్టీ విప్పి, నడినెత్తి రంధ్రం ఒక్కటి స్క్రూకు సరిపడా ఉంచి, మిగతా వాటిని పట్టీ పొడవు దిశలో రెండు మూడు మిల్లీమీటర్లు కోలగా చేయండి. వెడల్పు తల స్క్రూ, నైలాన్ వాషరు వేసి, తల ఆనాక పావు చుట్టు తిప్పితే చాలు. పవర్ డ్రిల్‌తో కాకుండా చేతి స్క్రూడ్రైవర్‌తోనే తిప్పండి. అలలు ఇంకా పాతబడకపోతే పట్టీని ఎండలో చదునుగా పరిచి బరువు పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

ప్రశ్న: రబ్బరు బీడింగ్ ఎంత కొనాలి? జారిపోకుండా ఎలా తొడగాలి?

సాగని దారంతో ఒక్కో ఆర్చ్ అంచు కొలిచి 5 సెంటీమీటర్లు కలపండి. చిన్న కార్లకు ఒక్కో ఆర్చ్‌కు మీటరు పైచిలుకు పడుతుంది. పొడవు కంటే ముఖ్యం పట్టే మందం. వెనక అంచు రెండు రేకులు కాబట్టి ముందుదానికంటే మందం. రెంటినీ వెర్నియర్‌తో కొలిచి, ఆ మందాన్ని పట్టే రకం, లోపల ఉక్కు పంటి పట్టీ ఉన్నది తీసుకోండి. ఉక్కు లేని వట్టి రబ్బరు నెలల్లో జారుతుంది. రబ్బరు గాడిలో సబ్బునీళ్లు రాసుకుని ఒక కింది కొస నుంచి మొదలుపెట్టి రబ్బరు సుత్తితో తట్టుకుంటూ రండి. సాగదీయకండి, సాగదీసిన రబ్బరు తర్వాత కుంచించుకుని కొసలు వదిలేస్తుంది. ఏడాదికోసారి తీసి, గాడిలో మట్టి కడిగి, అంచు చూసుకుని మళ్లీ తొడగాలి.

ప్రశ్న: కంపెనీలు ఆర్చ్‌ల దగ్గర రంగు వేయకుండా నల్ల ప్లాస్టిక్ ఎందుకు వదిలేస్తాయి? ఖర్చు తగ్గించుకోవడానికేనా? దానికి బాడీ రంగు వేయించొచ్చా?

ఖర్చు ఒక్కటే కాదు. టైరు విసిరే రాళ్లు ఎక్కువగా తగిలేది ఆర్చ్ అంచుకే. రంగు పూసిన రేకు అక్కడ పెచ్చులు లేస్తుంది. ముద్దలోనే నలుపు కలిపి పోసిన గరుకు ప్లాస్టిక్ మీద గీత పడినా కింద కూడా నలుపే, కంటికి ఆనదు. పగిలితే డెంటింగ్, పెయింటింగ్ లేకుండా ఒక్క ముక్క మారుస్తే సరి. చూపుకి కూడా ప్రయోజనం ఉంది: నల్ల అంచు వల్ల ఆర్చ్ పెద్దదిగా, బాడీ ఎత్తుగా కనిపిస్తుంది. 1977లో ఫ్రాన్స్‌లో వచ్చిన మాత్రా రాంచో మామూలు కారుకే నల్ల ప్లాస్టిక్ తొడిగి అడవి బండిలా చూపించింది. 1980 మోడల్‌గా అమెరికాలో వచ్చిన ఏఎంసీ ఈగిల్‌కు నాలుగు చక్రాలకూ శక్తి అందేది, ఆర్చ్‌లకు మెత్తగా వంగే ప్లాస్టిక్ ఫ్లేర్లు ఉండేవి. ఇప్పటి క్రాసోవర్ల (ఎస్‌యూవీలా కనిపించే కార్ల) రూపానికి దారి వేసినవి ఇలాంటి కార్లే.

బాడీ రంగు వేయించొచ్చు కానీ మేం వద్దంటాం. గరుకు చారలు రంగు కిందనుంచి కనిపిస్తూనే ఉంటాయి. అవి పోవాలంటే ప్రైమర్ నింపి రుద్దాలి, అంత మందం పూత రాయి తగిలితే పెద్ద పెచ్చుగా ఊడుతుంది. అయినా సరే అనుకుంటే భాగాన్ని విప్పి, గీకి, జిడ్డు తీసి, పాలీప్రొపిలీన్‌కు పనికొచ్చే అడ్హీషన్ ప్రమోటర్ వేసి, క్లియర్ కోటులో వంగేందుకు కలిపే ఫ్లెక్స్ ద్రావణం పోయించండి. బండిమీదే మాస్కింగ్ చేసి వేసిన రంగు అంచు వెంట ముందు లేస్తుంది.

ప్రశ్న: క్లాడింగ్‌కు వేలెడు చీలిక వచ్చింది. సూపర్ గ్లూతో రెండుసార్లు అతికించాను, ఆగలేదు.

భాగం తిప్పి వెనక చూడండి. ఏ ప్లాస్టిక్కో రెండు బాణం గుర్తుల మధ్య అచ్చుపోసి ఉంటుంది. పీపీ అంటే పాలీప్రొపిలీన్. పీపీ+ఈపీడీఎమ్-టీడీ20 అని ఉంటే దానికి రబ్బరు, నూటికి 20 పాళ్లు టాల్క్ పొడి కలిపారని. వీటిని సూపర్ గ్లూ ఒంటరిగా పట్టుకోలేదు. ఏబీఎస్ అని ఉంటే మాత్రం పట్టుకుంటుంది.

పీపీకి ప్లాస్టిక్ వెల్డింగే సరైనది. చీలిక రెండు కొసల్లో 3 మి.మీ. రంధ్రం చేస్తే అది ఇక ముందుకు పాకదు. వెనక వైపున చీలిక వెంట మందంలో సగం దాకా వీ ఆకారంలో గాడి తీసి, పీపీ రాడ్డును వెల్డింగ్ ఇనుముతో కరిగిస్తూ నింపండి. రాడ్డు ఒక్కటే కరిగితే అతుకు కాదు, గాడి గోడలు కూడా కరిగి దానితో కలిసిపోవాలి. దానిమీద అడ్డంగా సన్న స్టీలు జాలీ ముక్క వేడి చేసి ముంచితే బలం పెరుగుతుంది. గాలి వచ్చే చోట చేయండి, పొగ పీల్చొద్దు. ముందు వైపు ముట్టుకోకండి, గరుకు పోతుంది. సన్న గీత మిగులుతుంది, అది ఉండనీయండి. చీలిక క్లిప్పు గూడు గుండా పోయి ఉంటే మాత్రం వెల్డింగ్ నిలవదు, ఆ ముక్క మార్చుకోండి.